శీనుగాడికి, పక్ పడేలోపు

సోమవారం, 2025 ఏప్రిల్ 21
మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

తిట్టుకో, పడతాను. నీ సంక్రాంతి ఉత్తరానికి ఉగాది కూడా దాటాక జవాబు రాస్తున్నా. ఇక్కడ అందరం కులాసా. పిన్ని మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది, అత్తయ్యకి చెప్పు. నువ్వడిగిన కాగితాలు ఈ వారంలో పంపుతా, ఒట్టు. చెర్రీ పూలు వచ్చాయి, రాలిపోయాయి. వార్తలు సమాప్తం.

ఇక అసలు సంగతి. రాత్రి ఏడింటికి ఇక్కడ ఐస్ హాకీలో మా వాషింగ్టన్ క్యాపిటల్స్‌కీ మాంట్రియాల్‌కీ ప్లేఆఫ్ మొదటి మ్యాచ్. మొన్న ఫోన్లో నువ్వేమన్నావ్? "మీ ఒవెచ్కిన్ రికార్డు కొట్టేశాడుగా, ఇంకా ఏంట్రా గోల" అని. నాకు అక్కడే కాలింది. గోలంతా రికార్డు కొట్టిన తర్వాతే మొదలైంది నాయనా!

ఈ లెక్క చూడు. మొత్తం గోల్స్‌లో పాత రికార్డు గ్రెట్జ్‌కీది, 894. దాన్ని దాటడానికి ఈ సీజన్లో ఒవెచ్కిన్‌కి 42 కావాలి. మొదటి 18 మ్యాచ్‌ల్లోనే 15 కొట్టాడు. నవంబర్ 18న ఎడమకాలి ఎముక విరిగింది, 16 మ్యాచ్‌లు పోయాయి. డిసెంబర్ 28న తిరిగొచ్చి మళ్ళీ మొదలెట్టాడు. 39 ఏళ్ళు రా వాడికి! సరే, ఏప్రిల్‌కి రా. 1న బోస్టన్‌లో 891వది. 2న కరోలినాలో 892. 4న సొంతూళ్ళో షికాగో మీద రెండు, గ్రెట్జ్‌కీతో సమానం. 6న న్యూయార్క్ ఐలాండర్స్ మీద 895, రికార్డు. గ్రెట్జ్‌కీ ఆడిన మొత్తం మ్యాచ్‌లు 1487, ఇతను దాటింది కూడా తన 1487వ మ్యాచ్‌లోనే. వరసగా నాలుగు మ్యాచ్‌లు, ప్రతిదాంట్లోనూ గోల్. ఇంకేం కావాలి అంటావు కదా. ఆ నాలుగింట్లో జట్టు రెండు ఓడింది.

మీర్పూర్ గుర్తుందా? 2012 మార్చి 16, సచిన్ వందో వంద, మనం బంగ్లాదేశ్ చేతిలో ఓడాం. నువ్వు టీవీ మీద కండువా విసిరావు. అచ్చం అదే. ఐలాండర్స్ ఆ రోజు 4-1తో గెలిచారు, అంటే చరిత్రకెక్కిన ఆ ఒక్క గోలే జట్టు మొత్తానికీ గోలు. మధ్యలో ఆట ఆపి, గ్రెట్జ్‌కీని, కుటుంబాన్ని మంచు మీదికి పిలిచి సభ చేశారు. చెయ్యాల్సిందే, కాదనను. కానీ ఒళ్ళు చల్లబడ్డాక మళ్ళీ వేడెక్కడం ఎంత కష్టమో నీకు చెప్పాలా, రెండో హాఫ్ మొదటి ఐదు నిమిషాల వీరుడివి.

ఆ తర్వాత ఇంకో ఐదు మ్యాచ్‌లు. అందులో మూడు ఓటములు. 12న కొలంబస్‌లో 7-0! ప్లేఆఫ్‌కి వెళ్తామో లేదో అని ప్రాణం మీదికొచ్చి వాళ్ళు ఆడుతుంటే, మనవాళ్ళు ఊరేగింపు అయిపోయిన పెళ్ళివారిలా ఉన్నారు. మొత్తం ఏప్రిల్లో తొమ్మిది ఆడి గెలిచింది నాలుగు.

న్యాయంగా చెప్పాలంటే తప్పంతా రికార్డుది కాదు. 111 పాయింట్లతో ఈస్ట్ కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానం, అప్పటికే పోరాడి గెలవాల్సిందేమీ మిగల్లేదు. ఒవెచ్కిన్‌కే చివరి ఐదింట్లో ఒకదానికి విశ్రాంతి ఇచ్చారు. 30 గోల్స్ కొట్టిన ప్రోటాస్ పాదం స్కేటు తగిలి తెగింది, షికాగో మ్యాచ్‌లోనే. ఇక గోలీ (గోల్‌కీపర్) థాంప్సన్, సీజన్లో 31 గెలుపులు వాడివి, ఏప్రిల్ 2న దెబ్బ తగిలి అప్పట్నుంచి కనిపించలేదు. ఈ రాత్రి దిగుతాడా లేదా అన్నది... ఆగు, దానికి తర్వాత వస్తా.

నన్ను కలవరపెట్టేది స్కోర్లు కాదు. రికార్డు వెంట పడ్డ రోజుల్లో అలవాటైన ఆట. నువ్వు గడ్డి మీద హాకీ ఆడినవాడివి కాబట్టి పెనాల్టీ కార్నర్‌తో చెప్తా. అందరికీ తెలుసు బంతి డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాడికే వెళ్తుందని. ఇక్కడ పవర్ ప్లే అంతే. ఎదుటివాడు తప్పు చేసి రెండు నిమిషాలు పెట్టెలో కూర్చుంటాడు, మనం ఐదుగురం, వాళ్ళు నలుగురు. మనవాళ్ళు నిలబడేది ఇలా: పైన బ్లూ లైన్ (దాడి జాగా మొదలయ్యే గీత) దగ్గర ఒకడు, మధ్య వరసలో ముగ్గురు, గోల్ ముందు ఒకడు. మధ్య వరసలో, మంచు మీద గీసిన ఎడమ వృత్తం ఒవెచ్కిన్ జాగా. వాడిది కుడిచేతి స్టిక్, నిలబడేది ఎడమ పక్క. అందుకని అటునుంచి వచ్చే పాస్‌కి బ్లేడు తెరుచుకుని ఉంటుంది. ఆపడం లేదు, సర్దుకోవడం లేదు, వచ్చింది వచ్చినట్టే కొట్టడం. గోలీ ఒక కంబం నుంచి ఇంకో కంబానికి జారేలోపు పక్ (ఇక్కడ బంతి అదే, రబ్బరు బిళ్ళ) లోపల.

ఇదంతా పాస్ సరిగ్గా వస్తేనే. పాస్ ఒక జానెడు వెనక, కాళ్ళ మధ్యకి వచ్చిందనుకో, స్టిక్ వెనక్కి లాగి సర్దుకోవాలి. ఆ అరసెకను చాలు, గోలీ వచ్చి చతికిలబడి కూర్చుంటాడు. పైగా ఏప్రిల్, మే నెలల్లో బయట ఎండ ముదిరితే హాల్లో మంచు మెత్తబడుతుంది. పక్ బరువు సుమారు 170 గ్రాములు, గెంతకుండా ఉండాలని ముందే గడ్డకట్టిస్తారు. అయినా ఇరవై నిమిషాల పీరియడ్ చివరికొచ్చేసరికి మంచు మీద గాట్లు, రజను, పక్ అంచు మీద దొర్లుతూ వస్తుంది. దొర్లే పక్‌ని ఆ ఊపుతో కొడితే ప్రేక్షకుల్లోకే.

రికార్డు దగ్గరపడే కొద్దీ ఏమైందంటే, తెరిచి ఉన్న దారి ఎటున్నా పాస్ మాత్రం ఎడమ వృత్తానికే. ఎదుటివాళ్ళు పిచ్చివాళ్ళా? ఒకణ్ణి తీసుకొచ్చి ఒవెచ్కిన్ భుజం పక్కనే నిలబెట్టారు, పెళ్ళికొడుక్కి తోడుపెళ్ళికొడుకులా. నిజానికి మనకి అదొక వరం! వాడొకడు అటు పోతే మిగతా మంచు మీద మన నలుగురికి వాళ్ళు ముగ్గురు. మధ్యలో నిలబడ్డవాడు బ్రహ్మాండంగా ఖాళీ. అయినా బలవంతంగా అటే తోస్తే స్టిక్‌కి తగిలి పక్ బయటికి, అవతలి గోల్ దాకా వెనక్కి పరుగు. అలా ఇరవై సెకన్లు పోతాయి, రెండు నిమిషాల్లో.

ఇందులో చమత్కారం ఏంటంటే ఒవెచ్కిన్ బుర్ర సరిగ్గానే ఉంది. షికాగో మ్యాచ్ చివర్లో వాళ్ళు గోలీని తీసేసి ఖాళీ గోల్ వదిలారు. హాలంతా వాడి పేరే అరుస్తోంది. ఒక్కటి తోస్తే రికార్డు ఆ రాత్రే, సొంత జనం ముందు, గ్రెట్జ్‌కీ చూస్తుండగా. వాడు బెంచీ దిగలేదు. ఖాళీ గోల్‌తో రికార్డు వద్దన్నాడు. కాబట్టి జబ్బు వాడిది కాదు, చుట్టూ ఉన్న ఇరవైమందిది. వాడికి పెట్టాలి, వాడికే పెట్టాలి అన్న ప్రేమ. ప్రేమతో చేసిన తప్పు మాన్పించడం మహా కష్టం.

రెండోది, మన మూడో ఇడ్లీ. (నవ్వకు.) మంచు మీద ఒక షిఫ్ట్ అంటే 40, 45 సెకన్లు. అంతే, కాళ్ళలో మంట మొదలయ్యేలోపు బెంచీకి వచ్చెయ్యాలి. గోల్ ఆశతో ఇంకో పది సెకన్లు, ఇంకో పది అని వేలాడితే అదే మూడో ఇడ్లీ. రెండో పీరియడ్లో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే వైపులు మారతాయి, మన గోల్ నుంచి మన బెంచీ దూరం అవుతుంది. అలిసినవాడు దిగుదామన్నా దిగలేడు, తాజా కాళ్ళతో వచ్చిన అవతలివాళ్ళ మధ్య చిక్కుకుంటాడు. మొదటి పీరియడ్లో 60 సెకన్ల షిఫ్ట్‌కి క్షమాపణ ఉంది, రెండోదాంట్లో లేదు. పైగా ప్లేఆఫ్‌లో సమం అయితే షూటౌట్ లేదు, ముగ్గురు ముగ్గురు ఆడే ఆట లేదు. ఐదుగురికి ఐదుగురు, ఇరవై నిమిషాల పీరియడ్లు, గోల్ పడేదాకా. అందులో మూడో ఇడ్లీ తిన్నవాడు అర్ధరాత్రికి పడిపోతాడు.

ఇంకోటి, ఇది టీవీలో చూస్తే కనపడదు. దాడిలో ముగ్గురు ఫార్వర్డ్స్ ఉంటే ఒకడు పైనే ఆగాలి, పక్ పోతే ముందు వెనక్కి తిరిగేవాడు వాడే. నువ్వు ఆడే లెఫ్ట్ హాఫ్ పని, పేరు రాదు, కూలి రాదు. ఏప్రిల్ అంతా ఆ మూడోవాడు కూడా పాస్ అందిద్దామని గోల్ దగ్గరికి దూరాడు. పక్ పోయింది, ఇటు ఇద్దరి మీదికి ముగ్గురు. ఏడు గోల్స్ ఎలా పడ్డాయి అంటే ఇలాగే పడతాయి.

మరి గురువారం సీజన్ ముగిసి సోమవారం రాత్రికి ఇవన్నీ సరిచెయ్యడం ఎలా? మధ్యలో ఉన్నవి మూడు రోజులు. (వీళ్ళ ప్రాక్టీసు రింక్ ఎక్కడుందో తెలుసా, ఆర్లింగ్టన్‌లో ఒక మాల్ పార్కింగ్ భవనం నెత్తి మీద! కింద కార్లు, పైన మంచు. నువ్వొస్తే తీసుకెళ్తా, చూడ్డానికి టిక్కెట్టు కూడా లేదు.) నన్నడిగితే మొదటి రోజు స్కేట్లే ముట్టుకోనివ్వను, వీడియో మాత్రం, అదీ ఓడిన మ్యాచ్‌లది కాదు, జనవరిలో బాగా ఆడినవి. శరీరానికి తెలిసిందే గుర్తుచెయ్యాలి, కొత్త పాఠం చెప్పకూడదు. రెండో రోజు పవర్ ప్లే, ఒక్క షరతుతో: పక్ మధ్యవాడినో గోల్ ముందువాడినో తాకేదాకా ఎడమ వృత్తానికి పాస్ నిషేధం. పదిసార్లు అలా చేస్తే భుజం పక్కన నిలబడ్డ ఆ తోడుపెళ్ళికొడుకు అయోమయంలో పడి లోపలికి జరుగుతాడు, అప్పుడు పెళ్ళికొడుకు ఖాళీ. వాడికి గోల్స్ రావాలన్నా దారి ఇదే, అదే కదా విడ్డూరం! మూడో రోజు చిన్న జాగాలో ముగ్గురికి ముగ్గురు, 35 సెకన్లకి ఈల, ఈల వినపడగానే పక్ ఎక్కడున్నా వదిలి బెంచీకి. ముప్పావుగంట చాలు. అంతకు మించితే కాళ్ళు ఇక్కడే ఖర్చైపోతాయి.

కోచ్ కార్బరీ ఏం చేశాడో లోపలి సంగతి నాకు తెలీదు గానీ మనిషి గట్టివాడే, నాకు నమ్మకం.

మాంట్రియాల్ 91 పాయింట్లే కదా, ఇరవై తక్కువ కదా అంటావు. అక్కడే భయం. 2010లో ఇదే మాంట్రియాల్ 88 పాయింట్లతో వచ్చింది, మనవాళ్ళు 121తో లీగ్ మొత్తానికే మొదటివాళ్ళు. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో 3-1తో ముందుండి మిగతా మూడూ ఓడారు. ఆరో మ్యాచ్‌లో 54 షాట్లు కొడితే వాళ్ళ గోలీ హలాక్ 53 ఆపాడు. ఆ సిరీస్‌లో పవర్ ప్లే అవకాశాలు 33, గోల్స్ ఎన్నో చెప్పుకో. ఒకటి! ఆ జట్టులోనూ ఒవెచ్కిన్ ఉన్నాడు. 2023లో బోస్టన్ చూడు, 65 గెలుపులు, 135 పాయింట్లు, రెండూ రికార్డులే, మొదటి రౌండ్లోనే 3-1 నుంచి ఫ్లోరిడా చేతిలో అవుట్. రికార్డు కొట్టిన జట్టుకి అవతల ఉన్నవాడు కనపడడు రా. ఈ మాంట్రియాల్‌కేమో సుజుకీ లైను (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్స్), ఆ కుర్ర డిఫెన్స్‌మన్ హట్సన్, 60 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) వాడివి మొదటి పూర్తి సీజన్లోనే. వేగం మీద ఆడతారు. మన మూడోవాడు లోపలికి దూరాడా, అయిపోయింది.

ఒక్క ఊరట, సొంత హాల్లో చివరగా ఆటగాళ్ళని మార్చే హక్కు మనది. సుజుకీ దిగాక చూసి మనకి కావాల్సిన ఐదుగురిని దించొచ్చు. మాంట్రియాల్ వెళ్ళాక ఆ సుఖం ఉండదు, అందుకే ఈ మొదటి రెండు...

(ఆఫీసు పని వచ్చింది. వస్తా.)

6:15. ఇంటికొచ్చా, టీవీ ముందు. గోలీ సంగతి బాకీ ఉన్నా కదా. థాంప్సన్ లేకపోతే లిండ్‌గ్రెన్. మంచివాడే, కానీ ఈ వారాల్లో వాడి ముందు జరిగిన సంత చూశావుగా. పాపం గోల్ ముందు ఎవరూ అవతలివాణ్ణి నడుంతో తోసి జరపకపోతే పక్ కనపడేదెలా? కనపడని పక్ ఆపలేక తిట్లు తినేది గోలీయే. మీ రాజమండ్రి రిఫరీకి ఈ మాట చెప్పు, ఇప్పటికైనా.

థాంప్సన్ వచ్చినా దాదాపు మూడు వారాల తర్వాత. గోలీకి ముందు పోయేది కాళ్ళు కాదు, లెక్క. జనం అడ్డున్నప్పుడు పక్ ఎటునుంచి బయటికొస్తుందో చెప్పే లెక్క. ప్రాక్టీసులో అది రాదు, అక్కడ సొంతవాళ్ళు మీద పడరు కదా. మొదటి పది షాట్లు చూడాలి, రీబౌండ్ (తగిలి వెనక్కొచ్చే పక్) మూలకి తోస్తున్నాడా, మధ్యలో వదిలేస్తున్నాడా. మధ్యలో వదిలితే మాత్రం...

6:30. వార్మప్‌కి వస్తున్నారు. ఆ రాత్రి ఆడే గోలీ ముందు దిగడం ఆనవాయితీ, నీకు తెలుసుగా. గేటు తెరిచారు... థాంప్సన్! థాంప్సనే రా ముందు! ఎడమ మోకాలు వంచి చూసుకుంటున్నాడు, బాగానే జారుతున్నాడు. ఒవెచ్కిన్ ఎప్పట్లాగే చివర్న. ఉంటా, మళ్ళీ రా