వేలిముద్రలతో ప్రజ్ఞను కొలవలేం: బడుల్లో ఈ అమ్మకాలు ఆపించాలి

సంపాదకుడికి,

అయ్యా,

పదో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి జూన్‌లో బడులు తెరిచే దాకా కొన్ని ప్రైవేటు పాఠశాలల్లో ఒక వ్యాపారం జోరుగా సాగుతోంది. దాన్ని డీఎంఐటీ (డెర్మటోగ్లిఫిక్స్ మల్టిపుల్ ఇంటెలిజెన్స్ టెస్ట్), అంటే వేలిగీతలను బట్టి ప్రజ్ఞలను చెప్పే పరీక్ష అంటారు. పిల్లల పది వేళ్లూ స్కానర్ మీద పెట్టించి, వేల రూపాయలు తీసుకుని, రంగురంగుల నివేదిక చేతిలో పెడతారు. ఐక్యూ (ప్రజ్ఞా సూచిక), ఈక్యూ (ఉద్వేగ ప్రజ్ఞ సూచిక), ఎనిమిది రకాల ప్రజ్ఞల శాతాలు, ఎంపీసీ తీసుకోవాలా బైపీసీ తీసుకోవాలా అన్న సలహా, అన్నీ అందులోనే ఉంటాయి. బడి ఆవరణల్లో ఈ అమ్మకాలను నిషేధించాలని రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖలను కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం.

ఆ నివేదికను ఒకసారి నిదానంగా చూడండి. ఎనిమిది ప్రజ్ఞల శాతాలు కలిపితే సరిగ్గా వంద వస్తుంది. అంటే సగటు 12.5. అంకెలన్నీ దాని చుట్టుపక్కలే తిరుగుతాయి. 14 వస్తే బలం, 11 వస్తే బలహీనత అని రాసేస్తారు. మొత్తం వందకు కట్టేసినప్పుడు సంగీతంలో అంకె పెరిగితే లెక్కల్లోనో భాషలోనో తగ్గి తీరాలి. అన్నింట్లో చురుకైన పిల్లకీ ఏదో ఒక లోపం అంటగట్టక తప్పదు, అన్నింట్లో వెనకబడిన పిల్లవాడికీ ఏదో ఒక బలం దొరుకుతుంది. ఇంత చేసీ ఆ పిల్లవాడిని ఒక్క ప్రశ్న అడగరు, ఒక్క లెక్క చేయించరు, ఒక్క వాక్యం చదివించరు.

మెదడూ వేలిముద్రలూ గర్భంలో ఒకే కాలంలో ఏర్పడతాయి కాబట్టి రెండింటికీ సంబంధం ఉందని అమ్మేవాళ్లు చెబుతారు. వేలిగీతలు పుట్టకముందే ఖాయమవుతాయన్నది నిజం. డౌన్ సిండ్రోమ్ వంటి జన్యు స్థితుల్లో అరచేతి గీతలు వేరుగా ఉండవచ్చని వైద్యులు గమనించినదీ నిజమే. కానీ ఒకే కాలంలో ఏర్పడినంత మాత్రాన ఒకదాన్ని చూసి మరొకదాన్ని కొలవలేం. చుట్టగీత ఉన్న వేలికీ భిన్నాల లెక్కకూ ముడిపెట్టే ఆధారమేదీ లేదు. ఈ పరీక్షకు శాస్త్రీయ పునాది లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా స్పష్టం చేసింది.

ఇందులో వాడుకుంటున్నది అమెరికా మనస్తత్వవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ పేరు. డీఎస్సీకి చదివిన ప్రతి టీచరుకూ ఆయన బహుళ ప్రజ్ఞా సిద్ధాంతం కంఠతా వచ్చు. 1983లో ఏడు ప్రజ్ఞలు ప్రతిపాదించి, తర్వాత ప్రకృతి ప్రజ్ఞను ఎనిమిదోదిగా చేర్చారు. మెదడు దెబ్బతిన్నవారిలో ఏ సామర్థ్యం పోయి ఏది మిగిలింది, ఒక్క రంగంలోనే అసాధారణంగా రాణించే పిల్లలు ఎలా ఉంటారు వంటి పరిశీలనల మీద ఆయన దాన్ని నిర్మించారు. అందులో వేలిముద్రల ఊసే లేదు. దానికీ విమర్శలున్నాయి. రకరకాల మానసిక పరీక్షల్లో మార్కులు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తాయని బ్రిటిష్ మనస్తత్వవేత్త స్పియర్‌మన్ 1904లోనే చూపించాడు. అది ఇప్పటికీ నిలబడ్డ విషయం కాబట్టి ఎనిమిదీ వేటికవే అనడం కష్టం. ఒకే పాఠాన్ని పలు దారుల్లో చెప్పమని టీచరుకు గుర్తుచేయడానికి ఆ సిద్ధాంతం పనికొస్తుందని మా అభిప్రాయం. భిన్నాలు చెప్పేటప్పుడు కాగితం మడిచి చూపడం, సంఖ్యారేఖ గీయించడం, మాటల లెక్క ఇవ్వడం, ఈ మూడూ తరగతిలోని పిల్లలందరికీ చేయాలి. ఒకడికి కాగితం, మరొకడికి రేఖ అని పంచి పెట్టకూడదు.

ఈక్యూ సంగతీ అంతే. ఉద్వేగ ప్రజ్ఞను 1990లో మనస్తత్వవేత్తలు సలోవే, మేయర్ నిర్వచించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో అది ఇంటింటికీ చేరింది. విజయంలో ఐక్యూ వాటా మహా అయితే 20 శాతమని, మిగతా 80 ఇతర కారణాలదని ఆయన రాశారు. ఆ ఇతర కారణాల్లో కుటుంబ స్థితి, అదృష్టం కూడా ఉన్నాయి. కరపత్రాల్లో మాత్రం అది ‘విజయానికి 80 శాతం ఈక్యూయే’ అని మారిపోయింది. పైగా చాలా ఈక్యూ పరీక్షలు ‘కోపం వచ్చినా నేను నిగ్రహించుకుంటాను’ వంటి వాక్యాలకు ఒకటి నుంచి ఐదు దాకా గుర్తు పెట్టమంటాయి. పదేళ్ల పిల్లవాడికి కూడా ఏది పెడితే మంచి మార్కు వస్తుందో తెలుసు. ముఖం చూసి భావం గుర్తించడం, ఒక పరిస్థితిలో ఏం చేస్తే మనసు కుదుటపడుతుందో ఎంచడం వంటి పనులు చేయించే పరీక్షలు దీనికంటే మెరుగే. కానీ వాటిలోనూ సరైన జవాబు ఏదన్నది సంస్కృతిని బట్టి మారుతుంది.

అలాగని ఐక్యూ అంకెను నెత్తిన పెట్టుకోమనీ చెప్పడం లేదు. 1905లో ఫ్రాన్స్‌లో బినే, సైమన్ మొదటి ఐక్యూ తరహా పరీక్ష తయారు చేసింది బడిలో అదనపు సాయం కావలసిన పిల్లలను గుర్తించడానికే. ఇప్పటికీ దాని సరైన ఉపయోగం అదే. మన దగ్గర విరివిగా వాడే మాలిన్ స్కేలు అనే ఐక్యూ పరీక్షలో వరసగా అంకెలు చెప్పి వెనక్కి చెప్పించడం, రంగు దిమ్మెలతో బొమ్మను పేర్పించడం, పదాల పోలికలు అడగడం లాంటి పదకొండు ఉపపరీక్షలుంటాయి. ఒక్కో పిల్లవాడితో విడిగా కూర్చుని చేయాలి. పిల్లవాడు అలసిపోతే రెండు విడతలు చేయాలి.

ఇందులో తప్పులు జరిగే చోట్లు తెలిసినవే. చూపు, వినికిడి ముందు చూడకపోవడం. ఇంట్లో గోండీ, లంబాడీ మాట్లాడే పిల్లవాడిని పుస్తకాల తెలుగులో అడగడం. ఉపపరీక్షల వివరాలు వదిలేసి మొత్తం అంకె ఒక్కటే రాసివ్వడం. 68 వచ్చినా 72 వచ్చినా కొలత పరంగా తేడా లేనట్టే, ఏ అంకెకైనా అటూ ఇటూ కొన్ని పాయింట్ల ఎడం ఉంటుంది. మాలిన్ ప్రమాణాలు, అంటే పిల్లవాడి మార్కులను పోల్చి చూసే సగటులు, 1960ల నాటివి. పాత ప్రమాణాలతో చూస్తే నేటి పిల్లల ఐక్యూ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించే వీలుంది. అలాంటప్పుడు నిజంగా సాయం కావలసిన పిల్లవాడు 70 దాటినట్టు తేలి మేధో వైకల్య సర్టిఫికెట్‌కు దూరమవుతాడు. అందుకే సామాజిక పరిణతి స్కేలు కూడా వాడతారు. తనంతట తాను స్నానం చేస్తాడా, బొత్తాలు పెట్టుకుంటాడా, దుకాణానికి వెళ్లి చిల్లర తెస్తాడా అని తల్లిని అడిగి తెలుసుకుంటారు. ఈ ప్రశ్నలు అడగకుండా ఇచ్చే నివేదికను తల్లిదండ్రులు ఒప్పుకోవద్దు.

బిడ్డ చదువు మీద అనుమానం ఉంటే వెళ్లడానికి చోట్లున్నాయి. మొదట మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం, తర్వాత జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా ఉండే సత్వర చికిత్సా కేంద్రం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యమున్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థలో, ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో నిపుణులున్నారు. ప్రైవేటుగా చూపిస్తే పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ నంబరు నివేదిక మీద ఉందో లేదో చూసుకోవాలి. ఇంటర్ గ్రూపు విషయంలో అయితే 8, 9, 10 తరగతుల జవాబు పత్రాలు ముందేసుకుని, పిల్లవాడినీ సబ్జెక్టు టీచర్లనూ కూర్చోబెట్టి మాట్లాడితే ఏ స్కానర్ కంటే ఎక్కువ తెలుస్తుంది.

విద్యాశాఖలను కోరేది ఇది. వేలిముద్రల పరీక్షలకు బడుల్లో చోటివ్వరాదని జిల్లా విద్యాశాఖాధికారుల ద్వారా సర్క్యులర్ పంపాలి. అలాంటి నివేదికలను బట్టి సెక్షన్లు విడగొట్టినా, గ్రూపు సూచించినా నోటీసు ఇవ్వాలి. వేలిముద్రలు పాస్‌వర్డ్‌లా మార్చుకునేవి కావు. 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత అనుమతి ఉండాలని డేటా పరిరక్షణ చట్టం–2023 చెబుతోంది. ఇప్పటికే ఈ పరీక్ష చేయించిన యాజమాన్యాలు, పిల్లల వేలిముద్రల ఫైళ్లు చెరిపేసినట్టు పరీక్ష అమ్మిన సంస్థల నుంచి రాతపూర్వకంగా తీసుకుని తల్లిదండ్రులకు ఇవ్వాలి.

ఇట్లు,
పిల్లల మనస్తత్వ పరీక్షలు చేసే కొందరు క్లినికల్ సైకాలజిస్టులు, ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులు
హనుమకొండ