మా పిల్లవాడికి నిద్ర పట్టేలా చేసిన వారందరికీ కృతజ్ఞతలు

గత 11 నెలలుగా మా ఇంటి పిల్లవాడికి అండగా నిలిచిన కౌన్సెలర్ గారికి, మానసిక వైద్యురాలికి, బడిలో ఆటలు నేర్పే మాస్టారికి, గురువారం సాయంత్రాలు కలుసుకునే తల్లిదండ్రుల బృందానికి బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయవద్దని వారే కోరారు. పిల్లవాడు కూడా దీన్ని ముందే చదివి రెండు వాక్యాలు కొట్టేయమన్నాడు, కొట్టేశాను.

వాడు మా చెల్లెలి కొడుకు, 13వ ఏట మా దగ్గరకు వచ్చాడు. అంతకుముందు ఆ ఇంట్లో తండ్రి తాగి వచ్చి తల్లిని కొట్టేవాడనీ, అడ్డం వెళ్తే వీడినీ కొట్టేవాడనీ నాకు తెలుసు. ఆ ఇల్లు వదిలి వచ్చాడు కాబట్టి గండం గడిచిందనుకున్నాను. 14వ ఏట బీరు, మరుసటి ఏడాది గంజాయి మొదలైనప్పుడు ఈ మత్తుకూ ఆ ఇంటి దెబ్బలకూ ఏదైనా సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు. చెడు సావాసమని తీర్మానించుకుని సంచి వెతికాను, నోరు వాసన చూశాను, రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను. రెండోసారి వాడు ఏడవలేదు, అడ్డుపడలేదు. దెబ్బ ఎటు పడుతుందో ముందే తెలిసినవాడిలా తల కాస్త పక్కకు తిప్పి నిలబడ్డాడు. అప్పుడు అది నాకు పొగరుగా కనిపించింది.

మాస్టారికి మాత్రం అలా కనిపించలేదు. ఒకరోజు వెనుక నుంచి భుజం మీద చెయ్యి వేస్తే వాడు ఉలిక్కిపడి మోచేత్తో ముఖం కప్పుకున్నాడట. ఆయన ఫిర్యాదు చేయకుండా, శిక్ష మాట ఎత్తకుండా నాకు ఫోన్ చేసి, ఒక్కసారి కౌన్సెలర్ గారి దగ్గరకు తీసుకెళ్లండమ్మా అన్నారు.

మొదటి రోజు కౌన్సెలర్ గారు ఎంత తాగుతావు, ఎవరు అలవాటు చేశారు అని అడగలేదు. తాగాక నీకు ఎలా ఉంటుంది అని అడిగారు. వాడు కాసేపు గోళ్లు చూసుకుని "నిద్ర పడుతుంది" అన్నాడు. మూడేళ్లు ఒకే ఇంట్లో ఉండి, వాడు గోడకు వీపు ఆనించి, తలుపు వైపు ముఖం పెట్టి పడుకుంటాడని, గడియ చప్పుడైతే తెల్లవారేదాకా మేలుకునే ఉంటాడని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత ఆయన ఎంతో ఓపికగా చెప్పినది నాకు అర్థమైనంతవరకు రాస్తాను, ఎందుకంటే నాలాగే సంచులు వెతుకుతున్న పెద్దవాళ్లు ఇంకా ఉంటారు. దెబ్బలు ఒక్కటే హింస కాదు. తిట్లు, అవమానాలు, లైంగిక వేధింపులు, అసలు పట్టించుకోకపోవడం కూడా ఆ కోవలోకే వస్తాయి. చిన్నతనంలో ఏళ్ల తరబడి భయంలో బతికిన పిల్లల ఒంట్లో ప్రమాదాన్ని పసిగట్టే వ్యవస్థ అతిగా పదునెక్కి, ప్రమాదం తప్పిపోయాక కూడా శాంతించదు. ఆవేశాన్ని అదుపులో పెట్టే మెదడు ముందు భాగం ఇరవై దాటాక గాని పూర్తిగా పరిణతి చెందదు. ఈ రెండూ ఒక్కచోట ఉన్న పిల్లవాడికి, ఆ అలజడిని అరగంటలో అణచివేసే పదార్థం దొరికితే అది మందులాగే అనిపిస్తుంది. 1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే వైద్యుల బృందం బాల్యంలోని కష్టాలకూ పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ ఉన్న సంబంధాన్ని ప్రచురించింది. దాని కొనసాగింపుగా 2003లో 8,613 మంది పెద్దల సమాధానాలు పరిశీలిస్తే, పది రకాల కష్టాల్లో అయిదు గాని అంతకన్నా ఎక్కువ గాని అనుభవించినవారిలో మాదకద్రవ్యాల సమస్య, ఏదీ అనుభవించనివారితో పోలిస్తే 7 నుంచి 10 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆ పది చదువుతూ మా వాడి తరఫున వేళ్లు మడిచాను, ఆరు మడతపడ్డాయి. ఆయన వెంటనే వారించారు: అది పెద్దవాళ్లు గుర్తు చేసుకుని చెప్పిన లెక్క, ఒక గుంపుకు వర్తించేది, ఒక్క పిల్లవాడి జాతకం అందులో వెతకకూడదు, ఇన్ని కష్టాలు పడి కూడా మత్తు జోలికి పోనివారు ఎందరో ఉన్నారు.

చికిత్స గురించి పెద్దగా చెప్పను, అది వాడిది. వైద్యురాలు ముందు నిద్ర సంగతి చూశారు. కౌన్సెలర్ గారు పాత భయాలను కొద్దికొద్దిగా మాటల్లో పెట్టించారు, కొన్నిసార్లు నన్నూ కూర్చోబెట్టారు. అలా కూర్చున్న ఒక రోజే ఆ రెండు దెబ్బలకు వాడిని క్షమాపణ అడిగాను. అయిదో నెలలో వాడు మళ్లీ తాగాడు. నేను కుప్పకూలిపోయాను గాని, ఆయన దాన్ని ఓటమిగా లెక్కవేయకుండా ఆ రాత్రి ఏం జరిగిందో నిదానంగా వెనక్కి నడిపించి చూపించారు: ఆ సాయంత్రం తండ్రి ఫోన్ చేశాడు. ఆ వారం గురువారం బృందంలో ఒక పెద్దాయన, తమ అమ్మాయి మూడుసార్లు జారి నాలుగోసారి నిలబడిందని చెప్పకపోతే నేను మళ్లీ సంచి వెతకడం మొదలుపెట్టేదాన్నే. ఆయనకు నా నమస్కారాలు.

రాత్రి పది దాటాక ఇంటికి వచ్చేవాళ్లెవరైనా గడియ మీద చెయ్యి వేయకముందే బయటి నుంచి "నేనే" అని పిలవాలన్నది కౌన్సెలర్ గారి ముందు వాడే పెట్టిన నియమం. మేమంతా పాటిస్తున్నాం. మొన్న స్నేహితుడి ఇంట్లో చదువుకుని ఆలస్యంగా వచ్చి, గుమ్మం బయట నిలబడి వాడే పిలిచాడు, "నేనే పెద్దమ్మా" అని.