ప్లగ్గులు పంపిస్తున్నాను

తిరుపతి, కొర్లగుంట

చిరంజీవి పెద్దోడికి,

ఇక్కడంతా బాగున్నాం. వైకుంఠ ఏకాదశి జనంతో లీలామహల్ సర్కిల్ దాటడానికే అరగంట పడుతోంది. చిన్నాయన ఇంటి గొడవ ఇంకా తెగలేదు. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. లెక్కపెట్టుకుని కూర్చోలేదులే, క్యాలెండర్‌లో పాల లెక్క చూస్తుంటే కనబడింది.

లేహ్‌లో మన పాత బుల్లెట్ స్టార్ట్ కాక నువ్వు రాత్రంతా రోడ్డు మీదే ఉన్నావని మునెమ్మత్త కొడుకు అన్నాడు. వాడి మాట నేను నమ్మను. సరే, అది వదిలెయ్.

చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఎక్కువ పెట్రోలు కావాలి, అందుకే చోక్. మన బండిలో చోక్ గాలిని మూయదు, పెట్రోలుకు ఇంకో దారి తెరుస్తుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఆ దారి పనిచెయ్యదు, ముట్టుకోవద్దు. కీ ఆన్ చెయ్యకుండా ముందు నాలుగు కిక్కులు మెల్లగా కొట్టు, తర్వాత ఆన్ చేసి గట్టిగా ఒక్కటి. వేడెక్కాక చోక్ తీసెయ్, లేకపోతే స్పార్క్ ప్లగ్‌కు మసి పడుతుంది. నువ్వు మర్చిపోతావు. స్టవ్ మీద పాలు పెట్టే మర్చిపోయేవాడివి.

హార్స్‌లీ హిల్స్ సంగతి చెప్పానా? నువ్వప్పుడు మీ అమ్మ కడుపులో ఉన్నావు. డిసెంబర్, ఘాట్ నిండా తడి మంచు. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ప్లగ్ విప్పి చూశాను, బాగుంది. పెట్రోలు వస్తోంది. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది, ఐస్ ఫ్యాక్టరీ పైపులా ఒళ్ళంతా తెల్లటి నూగు. మీ అమ్మ రాయి మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, బస్సులో పోదామంటే విన్నావా అంది. విసుగొచ్చి నేనూ పక్కన కూర్చున్నాను. పది నిమిషాల తర్వాత ఒక్క కిక్కుకే స్టార్ట్! ఏడుకొండలవాడి దయ అంది మీ అమ్మ. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది, తడిగాలిలోని నీరు లోపలే గడ్డకడుతుంది, ఆగితే ఇంజన్ వేడికి కరుగుతుంది. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. మీ దగ్గరి పొడి చలిలో ఆ బాధ తక్కువే.

కానీ ట్యాంకులో నీరు చేరితే అక్కడ నిజంగానే గడ్డకడుతుంది. ట్యాంకు నిండుగా ఉంచు, కార్బురేటర్ బౌల్ కింది స్క్రూ విప్పి అప్పుడప్పుడు కాస్త పెట్రోలు బయటికి వదులు. మన ఎండలకు పోసే 20 డబ్ల్యూ 50 ఇంజన్ ఆయిల్ ఆ చలిలో పేరిన నెయ్యి అవుతుంది, పలచటిది పోయించు. 3,500 మీటర్ల ఎత్తులో గాలి పలచన, దాంతో కలిసే పెట్రోలు వాటా ఎక్కువవుతుంది. మంచి మెకానిక్‌కు పెట్రోలు కొలిచి వదిలే జెట్ చూపించు. ఎవడో చెప్పాడని ఇంజన్ కింద మంట మాత్రం పెట్టొద్దు, నా మీద ఒట్టు.

పార్సిల్‌లో రెండు ప్లగ్గులు, స్పానర్, ఉన్ని గ్లౌజులు ఉన్నాయి. నిమ్మకాయ ఊరగాయ సీసాకు మీ అమ్మ మూడు కవర్లు చుట్టింది, అయినా నిలబెట్టే తెరువు. రెండు జతల సాక్సులు వేసుకో.

ఇంతకీ ఆ రాత్రి రోడ్డు మీద ఉన్నావా, లేదా? మీ అమ్మకు ఆ మాట తెలియదు. ఫోన్ చేస్తే నా నంబర్‌కే చెయ్యి.

మీ నాయన