సగిలేటికి సొంత రికార్డు కావాలి: జలవనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పశ్చిమ ప్రకాశంలో సగిలేటిని నమ్ముకున్న రైతు కుటుంబం మాది. మా ఏరు పుట్టిన చోటి నుంచి పెన్నలో కలిసే దాకా మొత్తం వివరాలు ఒకే చోట, దాని సొంత పేరుతో రికార్డు చేయించమని అడగడానికే ఈ లేఖ.

నల్లమలలో పుట్టిన సగిలేరు గిద్దలూరు ప్రాంతం దాటి దక్షిణంగా కడప జిల్లాలోకి పోతుంది. కలసపాడు, పోరుమామిళ్ల, బద్వేలు వైపు సాగి పెన్నలో కలుస్తుంది. ఎగువ సగిలేరు, దిగువ సగిలేరు ప్రాజెక్టులు కడప వైపున్నాయి. వాటి లెక్కలు అక్కడుంటాయి, పైనున్న వాగుల, చెరువుల లెక్కలు ఇక్కడుంటాయి. ఏట్లో ఏ ఏడు ఎన్ని నీళ్లు పారాయని ఒక ఆఫీసులో అడిగితే, "అది పెన్నా ఉపనది కదండీ, పెన్నా లెక్కల్లో చూసుకోండి" అన్నారు. పెన్నా 597 కిలోమీటర్ల నది. పరీవాహక ప్రాంతం 55,213 చదరపు కిలోమీటర్లు. అంత పెద్ద లెక్కలో జయమంగళి, కుందూ, చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరుల వరుసలో సగిలేరు ఒక పేరు మాత్రమే. బోరు ఇంకెంత లోతుకు దించాలో తెలియక టెన్షన్ పడే రైతుకు ఆ పేరొక్కటీ ఏం చెబుతుంది?

పక్కనే ఉన్న గుండ్లకమ్మనే చూడండి. అదీ నల్లమలలో పుట్టిందే. కంభం చెరువును నింపి, సొంతంగా సముద్రం దాకా వెళ్తుంది కాబట్టి దాన్ని విడి నదిగా లెక్కిస్తారు. సగిలేరు దారిలో ఇంకో నదిలో కలుస్తుంది కాబట్టి దాని కథ ఒక్క వాక్యంతో అయిపోతోంది. ఇది న్యాయం కాదు. ఏటి ఒడ్డున బతికేవాళ్లకు అది చివరికి ఎక్కడ కలుస్తుందన్నదాని కంటే, తమ ఊరి దగ్గర ఎప్పుడు, ఎంత పారుతుందన్నదే ముఖ్యం.

ఉపనదిని విడిగా చూడటం కింది వాళ్లకూ అవసరమే. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అసలే పొంగుతున్న పెన్నలోకి ఆ నీళ్లూ చేరాయి. నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, జాతీయ రహదారి తెగింది. పెన్న మీదున్న సోమశిల ప్రాజెక్టు దగ్గర, ప్రవాహాన్ని కొలిచే గేజీ మొత్తం ఎంత నీరు వచ్చిందో చెబుతుంది. ఏ ఏటి నుంచి ఎంత వచ్చిందో తెలియాలంటే ప్రతి ఉపనదికీ విడి లెక్క ఉండాలి.

అలాగని సగిలేటిని పెన్న నుంచి తెంచి రాయమనడం లేదు. పెన్నా రికార్డులో అది ఏ ఒడ్డున, ఎక్కడ కలుస్తుందో, ఏటా ఎంత నీరు తెస్తుందో క్లుప్తంగా ఉంటే చాలు. మిగతాదంతా, వాగులు, చెరువులు, ఆనకట్టలు, వరదలు, ఎండిన ఏళ్లు, సగిలేటి రికార్డులోనే ఉండాలి. ఒకే అంకె రెండు చోట్ల రాస్తే కొన్నేళ్లకు రెండూ వేరు వేరుగా కనిపిస్తాయి. జిల్లాల వారీగా ముక్కలు చేసినా చిక్కే. 1970కి ముందు గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేది. హద్దు మారినప్పుడల్లా ఫైలు చేతులు మారితే పాత కాగితాలు ఎవరి దగ్గర వెతకాలి?

మరో మాట. వెలిగొండ ప్రాజెక్టు పూర్తయితే శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు సొరంగాల్లోంచి 53.85 టీఎంసీల నల్లమల సాగర్ జలాశయానికి వస్తాయి. ఆ రోజు కోసం మేమూ ఎదురుచూస్తున్నాం. కానీ ఆ నీళ్లు మా ప్రాంతానికి వచ్చాక, వాన వల్ల ఏట్లో పారిందెంత, బయటి నుంచి తెచ్చిందెంత అన్నది తేల్చాలంటే ఇప్పటి సహజ ప్రవాహం లెక్క ముందుగానే చేతిలో ఉండాలి. నీళ్లు కలిసిపోయాక విడదీసి రాయడం ఎవరి వల్లా కాదు.

అందుకే గిద్దలూరు ప్రాంతంలో ఒక గేజీ, కడప జిల్లాలోకి దాటే చోట ఒకటి, పెన్నలో కలిసే ముందు ఒకటి పెట్టించండి. రెండు జిల్లాల ఇంజనీర్లను ఒకసారి కూర్చోబెట్టి, ఆ రికార్డుకు బాధ్యుడిగా ఒక అధికారిని నియమించండి.

ఇట్లు,
సగిలేటి ఒడ్డు రైతు,
గిద్దలూరు ప్రాంతం