పవర్ బ్యాంకు సామర్థ్యంపై అడిగిన ఒక్క ప్రశ్నకు ఏడు వారాలుగా జవాబు ఇవ్వనందుకు ఫిర్యాదు

విశాఖపట్నం

కస్టమర్ సేవా విభాగం ప్రధాన అధికారి గారికి,

అయ్యా,

మీ కంపెనీ 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు గురించి ఏడు వారాలుగా నేను అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న. దీని నుంచి 5 వోల్టుల దగ్గర నా ఫోనుకు నిజంగా అందే సామర్థ్యం ఎంత? ఈ ప్రశ్నను మీ వాళ్లు ఆరుగురు విన్నారు, ఒక్కరూ జవాబు చెప్పలేదు. వస్తువు పాడవడం ఎక్కడైనా జరిగేదే, దానికి నాకు కోపం లేదు. మనిషి అడుగుతున్నది వినకుండా పంపించేయడం మాత్రం నేను సహించలేకపోతున్నాను.

జూన్‌లో మీ వెబ్‌సైటు నుంచే దీనిని కొన్నాను. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు బయలుదేరేటప్పుడు నిండుగా చార్జి చేసి సంచిలో పెట్టుకున్నాను. 32 కిలోమీటర్ల నడకలో నా భార్య ఫోను ఒకసారి నిండింది, నాది సగం కూడా ఎక్కకముందే మాధవధార దగ్గర పవర్ బ్యాంకు ఆరిపోయింది. కాసేపటికి అక్కడే నా ఫోనూ ఆరిపోయింది. ఆ జనంలో ఆమె వెనకబడిపోతే గోపాలపట్నంలో కలుసుకునే వరకూ గంటన్నర సేపు మేమిద్దరం పడిన ఆందోళన మాటల్లో చెప్పలేను.

మరునాడు మీ హెల్ప్‌లైన్‌కు ఫోను చేస్తే మొదటి అమ్మాయి సీరియల్ నంబరు రాసుకుని, రెండు రోజుల్లో పిలుస్తామన్నారు. ఎవరూ పిలవలేదు. రెండోసారి మాట్లాడిన యువకుడు అదే నంబరు మళ్లీ అడిగి, మధ్యలో లైను వేరొకరికి కలిపారు. ఆయన కూడా నంబరే అడిగి, "కొంత లాస్ మామూలే సార్" అన్నారు. ఆ కొంత ఎంతో చెప్పండి బాబూ అని అడిగితే, తన దగ్గర ఆ వివరం ఉండదన్నారు. ఈమెయిలు రాస్తే, పవర్ బ్యాంకును ఎలా చార్జి చేయాలో బొమ్మలతో వివరించే కాగితం వచ్చింది.

ఆ తరువాత మీ వాళ్లు చెప్పిన ప్రకారమే కూర్మన్నపాలెం నుంచి బస్సెక్కి ద్వారకా నగర్‌లోని సర్వీసు సెంటరుకు వెళ్లాను. టోకెను తీసుకుని గంటా నలభై నిమిషాలు కూర్చున్నాను. కౌంటరులోని అబ్బాయి దానిని ప్లగ్గుకు తగిలించి, నాలుగు నీలం చుక్కలు వెలగడం చూసి, "బాగానే ఉంది కదండీ" అంటూ నా చేతిలో పెట్టేశాడు. చుక్కలు వెలగవని నేను ఎప్పుడూ అనలేదు. నేను ఇంకా మెట్లు దిగుతుండగానే "మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది. పరిష్కరించినది ఎవరు, ఏమిటి? ఆ ఒక్క మెసేజ్ నన్ను బాధించినంతగా మాధవధారలో ఆరిపోయిన ఫోను కూడా బాధించలేదు.

నేను ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ విభాగంలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైనవాడిని. పెట్టె మీది 20,000 అన్న అంకె లోపలి సెల్స్‌కు 3.7 వోల్టుల దగ్గర కట్టిన లెక్క అని, దానిని 5 వోల్టులకు మారిస్తే 14,800కు మించదని, మార్పిడిలో పోయే నష్టం తీసేస్తే ఇంకా తగ్గుతుందని నాకు తెలుసు. ఆ తగ్గిన అంకెనే రేటెడ్ కెపాసిటీ అని పెట్టె మీద చిన్న అక్షరాలతో వేస్తారు. మీ పెట్టె మీద సరిగ్గా ఆ వరుస పైనే ధర స్టిక్కరు అంటించి ఉంది. గోటితో జాగ్రత్తగా లేపితే "రేటెడ్ కెపాసిటీ" అన్న మాట వరకే మిగిలి, అంకె జిగురుతో పాటు ఊడి వచ్చేసింది. కొనేవాడికి కావలసిన అంకె అదే కదా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊరంతా చీకటైనప్పుడు, హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి మేము క్షేమమని చెప్పగలిగింది పక్కింటివారి పవర్ బ్యాంకుతోనే. అది మీ కంపెనీదే. ఆ కృతజ్ఞతతో ఇన్నేళ్లలో మీవి నాలుగు కొన్నాను, అల్లుడితోనూ కొనిపించాను. అలాంటి వాడికి ఒక్క వాక్యం రాసే తీరిక మీ కార్యాలయంలో ఎవరికీ లేకపోయింది.

ఆన్‌లైన్ అమ్మకాలపై 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. రెండు గడువులూ దాటిపోయాయి. ఇక 15 రోజులు చూస్తాను. నా ప్రశ్నకు జవాబును బాధ్యత గల అధికారి తన పేరుతో, సంతకంతో రాసి పంపాలి. ఆ అంకెకు నా పవర్ బ్యాంకు తూగకపోతే డబ్బు తిరిగి ఇవ్వాలి. లేనిపక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించడమే కాక, విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నేను ఉండే ఊళ్లోనే వేసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం నాకు ఇచ్చింది, 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. వాయిదాలకు తిరిగే ఓపిక రిటైరైనవాడికి బాగానే ఉంటుందని గుర్తుంచుకోండి.

బిల్లు నకలు, ఆ స్టిక్కరు, పెట్టె ముక్క జతచేసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. దయచేసి సీరియల్ నంబరు మళ్లీ అడగవద్దు, కవరు మీద కూడా రాశాను.

ఇట్లు,
కూర్మన్నపాలెం నుంచి
మీ పాత ఖాతాదారుడు