మలేరియాను వరుసలో కిందకు దించవద్దు

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. ఒడిశా సరిహద్దు పల్లెల తెలుగువాళ్లం ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు కనుక అందరి ముందూ రాస్తున్నాను.

జిల్లాలో ఏ జబ్బును ముందు పట్టించుకోవాలో వరుస కట్టేటప్పుడు, ఏ జబ్బు ఎంత ప్రమాదమో ఆసుపత్రికి వచ్చినవారి లెక్కతోనే తేల్చి, మలేరియాను కిందకు దించుతున్నారు. మలేరియాకు ఆ లెక్క చాలదు. ఇక్కడ ఎక్కువగా కనిపించే ఫాల్సిపారం అనే మలేరియా క్రిమి, జ్వరం లేనివారి రక్తంలోనూ దాగి ఉంటుంది. మెదడుకు ఎక్కితే పసిబిడ్డలు చూస్తుండగానే చేజారిపోతారు. మలేరియాను తరిమేందుకు ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన దమన్ పథకం కింద ఇంటింటా పరీక్షలు చేశాకే కేసులు తగ్గాయి. తగ్గాయని పక్కన పెట్టడం అన్యాయమండీ. మా ఆశా కార్యకర్త సంచిలో పారాసిటమాల్ ఉంది, పరీక్ష కిట్ లేదు. ఒళ్లు కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని తల్లి వాగు దాటాల్సి వస్తోంది.

వానలు ముదిరేలోగా ప్రతి ఊరికీ కిట్లు, మందులు చేర్చండి. జబ్బుల వరుసను ప్రాణనష్టాన్ని బట్టి మళ్లీ నిర్ణయించి, తెలుగులోనూ ప్రకటించండి.

ఇట్లు,
సరిహద్దు గ్రామవాసి