సోమాలీ స్త్రీకి తెగ ఇచ్చిన వాటా

సంపాదకునికి,

అయ్యా,

సోమాలియా పేరు మన పత్రికల్లో కరవు, బాంబు దాడులు, సముద్రపు దొంగల వార్తల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. నాయకత్వంలోనూ ఇంటి నిర్ణయాల్లోనూ తమకు చోటుండాలని అక్కడి స్త్రీలు చేస్తున్న వాదనకు చోటు దొరకడం అరుదు. 2000లో మొదలైన 'నాలుగున్నర' సూత్రం ప్రకారం పార్లమెంటు సీట్లను నాలుగు పెద్ద తెగలకు సమానంగా, మిగిలినవారందరికీ కలిపి ఒక్కో పెద్ద తెగకు దక్కినదానిలో సగం వాటాగా పంచారు. 2022లో ముగిసిన ఎన్నికల వరకూ ఆ వాటాలో ఎవరు నిలబడాలన్నది చాలావరకు తెగ పెద్దల చేతిలోనే ఉండేది.

పెళ్లయినా సోమాలీ స్త్రీ తండ్రి పేరునూ తెగనూ వదులుకోదు. పిల్లలు మాత్రం భర్త తెగకు చెందుతారు. చూడటానికి ఎంతో గౌరవంగా తోచే ఈ ఆచారమే రాజకీయాల్లో ఆమెకు అడ్డుగోడ: అత్తింటి పక్షం వహిస్తుందేమోనని పుట్టింటివారు, పరాయి తెగ మనిషి అని అత్తింటివారు ఆమెను శంకిస్తారు. స్త్రీలకు 30 శాతం స్థానాల హామీ ఉన్నప్పటికీ, ఆ 2022 ఎన్నికల్లో 275 స్థానాల దిగువ సభకు చేరిన స్త్రీలు 54 మందే. ఆ ఏడాది అధ్యక్ష పదవికి పోటీపడిన ఏకైక మహిళ మాజీ విదేశాంగ మంత్రి ఫౌజియా యూసుఫ్ హాజీ ఆదన్.

1991లో ప్రభుత్వం కూలిన తర్వాత చిన్న వ్యాపారాలతో కుటుంబాలను నిలబెట్టిన ఆ స్త్రీలు, భర్త నుంచి మెహర్ (పెళ్లి సందర్భంగా భర్త భార్యకు ఇవ్వవలసిన సొమ్ము), పోషణలతో పాటు ఇంటి నిర్ణయాల్లో మాటను కూడా కోరితే అది గొంతెమ్మ కోరిక ఎలా అవుతుంది? ఈ చర్చను మీ అంతర్జాతీయ పుటలో వివరంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం